ఖాళీ బండి బరువు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నా అనుకున్న మనిషి నా కళ్ళ ముందే కొద్దికొద్దిగా తరిగిపోతుంటే, రోజూ చూస్తున్నందువల్లనే నాకు ఆ సంగతి కనబడకుండా పోతుందేమోనని. పాములంటే భయం లేదు, దొంగలంటే అసలే లేదు, మా ఇంట్లో వాళ్ళకు దొరికేదేముంది. ఈ ఒక్క భయం మాత్రం నా బిడ్డ నిఖిత పుట్టిన నాటి నుంచి నాతో పాటే లేస్తుంది, నాతో పాటే పడుకుంటుంది.

ఆ భయం ఇంట్లో పీట వేసుకుని కూర్చున్న కాలం ఒకటుంది. నిరుడు చలి విరిగి ఎండలు మొదలైన రోజులు.

నిజామాబాద్‌లో మా గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా బీడీలు చుట్టే ఇళ్ళే. మా అత్తమ్మ భూమవ్వ, నేను ముందు గదిలో ఎదురెదురుగా కూర్చుని, ఒళ్ళో చాటలు పెట్టుకుని చుట్టేవాళ్ళం. బిడ్డ ఇద్దరి మధ్యలో చాప మీద ఉండేది. మా ఆయన నాగేందర్ చెరుకు ట్రాక్టరు నడుపుతాడు. ఫ్యాక్టరీలో గానుగ నడిచినన్నాళ్ళూ బోధన్ పక్క ఊళ్ళలోనే ఆయన తిండి, నిద్ర. ఎప్పుడైనా ఒక పూట వచ్చి, తలలోని చెరుకు ఆకు దులుపుకుని, బిడ్డను ఎత్తుకుని, మళ్ళీ పోయేవాడు.

నిఖితకు ఆరో నెల వచ్చినప్పుడు అంగన్‌వాడీలో అన్నప్రాసన పెట్టారు. ఆ రోజు నేను జ్వరంతో మంచం మీద ఉన్నాను. అత్తమ్మే ఎత్తుకుపోయింది. తిరిగి వచ్చేసరికి బిడ్డ ఆమె భుజం మీద నిద్రపోతోంది. ముద్ద ఉమ్మకుండా తిన్నదనీ, అందరూ ముద్దు చేశారనీ, బరువు తూస్తే ఆరు కిలోల ఎనిమిది వందలు వచ్చిందనీ, టీచరు వసంతమ్మ చాలా బాగుందన్నదనీ చెబుతూనే లోపలికి పోయింది. పెట్టె మూత తీసి వేసిన చప్పుడు వినబడింది. తర్వాత బిడ్డను తెచ్చి నా పక్కన వేసింది. ఆరు కిలోల ఎనిమిది వందలు అన్న మాటకే నా జ్వరం సగం దిగిపోయింది.

హైదరాబాదు నుంచి పరీక్ష వాళ్ళు వచ్చింది ఆ తర్వాతనే. ఆరు నెలలు దాటిన పిల్లల్లో కొందరికి అంగన్‌వాడీలో ఎప్పుడూ ఇచ్చే పిండి, కొందరికి జొన్నలతో చేసిన కొత్త పిండి ఇచ్చి, ఎవరు ఎంత పెరుగుతారో చూస్తారట. ఎవరికి ఏ పిండి అనేది చీటీ తీశారు. నిఖితకు ఎప్పటి పిండే వచ్చింది. తూచడానికి వచ్చే అమ్మాయి పేరు జ్యోతిరాణి. జగిత్యాల పక్కది, పెద్ద చదువు చదివింది కానీ మాట మా మాటే. తోడుగా ఇంకో అమ్మాయి కూడా వచ్చేది.

జ్యోతిరాణి తూచే తీరు చూడటానికి గల్లీలో ఆడవాళ్ళంతా పని ఆపి వచ్చేవాళ్ళు. కాంటాను బండ మీద పెట్టి, అది కదులుతోందా అని నాలుగు మూలలా నొక్కి చూసేది. ఖాళీ కాంటా సున్నా చూపిస్తోందా లేదా చూసేది. దాని మీద ఒక ఇనుప గుండు పెట్టి తీసేది. అప్పుడు బిడ్డ ఒంటి మీద నూలుపోగు లేకుండా తీయించి, పడుకోబెట్టి, ఒకసారి కాదు, మూడుసార్లు తూచేది. ఆ తర్వాత రెండో అమ్మాయి వచ్చి మళ్ళీ మొదటి నుంచి.

నిఖితకు మొదటిసారి ఆరు కిలోల నాలుగు వందల ఇరవై వచ్చింది. రెండోసారి ఆరు మూడు వందల ఎనభై. మూడోసారి ఆరు నాలుగు వందలు.

నన్ను రెండు భయాలు పట్టుకున్నాయి. మూడుసార్లకు మూడు తీర్లు రావడం ఒకటి. మూడింట్లో ఏదీ ఆరు కిలోల ఎనిమిది వందలకు దగ్గరగా కూడా లేకపోవడం ఇంకొకటి. ముందు మొదటిదే అడిగాను.

"మేడం, మీ కాంట ఖరాబయిందా? మూడు తీర్లు చూపిస్తున్నది."

"మంచిగనే ఉన్నది చెల్లె. బిడ్డ కాళ్ళాడిస్తది, ఊపిరి బిగవడ్తది, కాంట గూడ జర అటిటు అయితది. మూడు సార్లు ఒక్కటే వచ్చిందనుకో, అప్పుడు నాకు అనుమానం."

ఈ మాట నాకు మింగుడు పడలేదు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని. ఎనిమిదిలో ఒకసారి సారు మా చేత బెంచీ పొడవు కొలిపించాడు. అందరికీ వేరు వేరుగా వచ్చింది. సారు తనకు వచ్చిన లెక్క బోర్డు మీద వేసి, అందరినీ అదే రాసుకోమన్నాడు. ఇక బీడీల సంగతి చెప్పనే అక్కర్లేదు. కార్ఖానాలో చెకింగ్ ఆయన కట్ట చేతిలోకి తీసుకుని, పొట్టిదీ పొడుగుదీ ఏరి అవతల పడేస్తాడు. అన్నీ ఒకే తీరుగా ఉంటేనే సరుకు. తేడా అంటే తప్పు అనే నా చేతులకు తెలుసు. తేడా ఉండడం మామూలే అని చెప్పిన మనిషి జ్యోతిరాణి ఒక్కతే.

అప్పుడే వసంతమ్మ టీచరు గుర్తు చేసింది, అన్నప్రాసన నాడు ఎనిమిది వందలు ఉండె కదా అని. చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అన్నారు. అది ఏ కాంటా, ఆ రోజు ఒంటి మీద ఏముండె అని జ్యోతిరాణి అడిగింది. కేంద్రంలోని పాత వేలాడే కాంటా అని టీచరు చెప్పింది. ఆ రోజు పిల్లల గుంపులో ఎవరు ఏం తొడుక్కున్నారో తనకు గుర్తు లేదంటూ అత్తమ్మ వైపు చూసింది. అత్తమ్మ కొంగు సర్దుకుని, బిడ్డకు చలి పెడుతోందని ఎత్తుకుని బయటికి నడిచింది.

రెండు కాంటాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూడకూడదు, వచ్చేసారి తూచేదాకా ఆగమని జ్యోతిరాణి ఎంత చెప్పినా, ఆ నాలుగు వందల గ్రాములు మా ఇంట్లోకి వచ్చి కూర్చున్నాయి.

ఆ సాయంత్రం అత్తమ్మ తన చాట పక్కన పెట్టింది. బీడీ సగంలో వదిలేసిన మనిషిని ఆమెలో నేను అదివరకు చూడలేదు.

"నాగేందర్ కంటె ముందు నాకొక పోరి ఉండె," అన్నది. "చాట పక్కన్నే పండవెట్టేదాన్ని. గిట్లనే బరువు దిగింది. గప్పుడు కాంటలు ఎక్కడియి. ఎత్తుకుంటె సేతులకు తెలిసింది, అయిన గూడ నేను సుట్టుడు ఆపలే."

ఆ బిడ్డ సంగతి మా ఆయన కూడా నాకెప్పుడూ చెప్పలేదు.

తంబాకు నా చేతుల నుంచి పాలలోకి దిగుతోందని అత్తమ్మ నమ్మకం. రెంజల్ దగ్గర ఊళ్ళో ఉన్న మా ఆడబిడ్డ లత ఇంట్లో బర్రె ఉంది, తంబాకు వాసన లేదు, చుట్టూ కాలువ కింది చెరుకు, చల్లగా ఉంటుంది. వానలు పడేదాకా బిడ్డను అక్కడ ఉంచాలి. నేను పోవడానికి లేదు, ఇక్కడ చాట ఆగితే ఇల్లు ఆగుతుంది. వచ్చేసారి తూకంలో మళ్ళీ ఆరు కిలోల ఎనిమిది వందలకు వస్తే సరి, రాకపోతే లత వచ్చి తీసుకుపోతుంది. ఆమె కోపంతో అని ఉంటే ఎదురు మాట్లాడేదాన్ని. భయంతో అన్నది. నా దగ్గర ఉన్న భయం కూడా అదే, ఏమని ఎదురు చెప్పను.

అప్పటి నుంచి నాకు తూచే పిచ్చి పట్టింది. కార్ఖానాకు కట్టలు ఇవ్వడానికి పోతే తంబాకు జోకే కాంటా మీద బిడ్డను పెట్టమన్నాను. కూరగాయలకు పోతే కూరగాయల బండి మీద. గంజ్‌లో బెల్లం అమ్మే బాపురావు సేటు నన్ను చూడగానే కాంటా తుడవడం నేర్చుకున్నాడు.

"నీ బిడ్డ నా కాంట మీద ఎన్నిసార్లు ఎక్కింది, దిగింది, ఇగ గిరాకులు బెల్లం ఇడిసిపెట్టి ఈమె భావ్ ఎంతని అడుగుతుండ్రు," అని మరాఠీ యాసలో వేళాకోళం చేసేవాడు. ఈగలు వాలకుండా తన తువ్వాలు పరిచి మరీ తూచేవాడు.

ఒక చోట ఆరున్నర దాటేది. ఇంకో చోట ఆరు కిలోల రెండు వందలు. పాలు తాగిన వెంటనే ఒక లెక్క, గుడ్డ తడిపినాక ఒక లెక్క. పెరిగిందంటే ఎగురుకుంటూ ఇంటికొచ్చేదాన్ని. తగ్గిందంటే అన్నం దిగేది కాదు. అన్నం దిగకపోతే పాలు తగ్గేవి. పాలు తగ్గాయని మళ్ళీ ఏడుపు.

పిండి పంచడానికి వచ్చిన జ్యోతిరాణికి ఈ సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె బిడ్డ బరువుకు చుక్కలు పెట్టే కార్డు తీసి, అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"ఏ కాంట అలవాటు దానిది చెల్లె. పాలు తాగకముందు ఒక బరువు, తాగినంక ఒక బరువు. నువ్వు రోజు ఒక చుక్కను పట్టుకోని ఏడుస్తున్నవు. ఒక్కటే కాంట, ఒక్కటే యాళ్ళ, ఒక్కటే తీరు ఉండాలె. అట్ల కొన్ని చుక్కలు పడ్డంక, అవి ఎటు పోతున్నయో సూడాలె."

"మరి మీరిద్దరు ఎందుకొస్తరు మేడం? ఒక్కరు జోకితె అయిపోదా?"

"రోజు సూసే కన్నుకు అలవాటైపోతది. నాకు కానరానిది గామెకు కానొస్తది. గామెకు రానిది నాకు. అందుకే ఇద్దరం."

చాటలు గదిలోంచి తీసి బయట పెట్టుకొమ్మనీ, బిడ్డను ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని చీర మార్చుకొమ్మనీ కూడా చెప్పింది. పాలు మాత్రం ఎవరు చెప్పినా ఆపొద్దన్నది. ఆ రోజు నుంచి బాపురావు సేటు కాంటాకు సెలవు ఇచ్చాను. చేతులు ఊరుకున్నాయి గానీ మనసు ఊరుకోలేదు.

తూకం ఇంకా నాలుగు రోజులు ఉందనగా మా ఆయన ఒక మధ్యాహ్నం వచ్చాడు. గానుగ చివరికి వచ్చింది, ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరస తగ్గిందట. అన్నం తింటుంటే అత్తమ్మ బిడ్డను లత దగ్గరికి పంపే మాట ఎత్తింది. ఆయన నా ముఖం చూశాడు, తల్లి ముఖం చూశాడు, ఎటూ తేల్చలేక గేటు దగ్గర జరిగిన తమాషా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన తీరే అంత. ఇరుకున పడితే కథ చెబుతాడు.

ముందు చెరుకుతో నిండిన బండిని కాంటా ఎక్కిస్తారు, చెరుకు దించినాక ఖాళీ బండిని మళ్ళీ ఎక్కిస్తారు, రెండోది తీసేస్తే మిగిలేదే చెరుకు బరువు. ఆ రోజు ఆయన ట్రాలీలో ఇనుప గొలుసులు వేసుకుని లోపలికి పోయాడు. చెరుకు దించేటప్పుడు ఎవరో ఆ గొలుసులు అడిగితే ఇచ్చేశాడు. ఖాళీ బండి గొలుసులు లేకుండానే కాంటా ఎక్కింది.

"ఇగ సూడు, కాంట గొలుసులను గూడ చెరుకే అనుకున్నది," అని తల్లి వైపు తిరిగి నవ్వాడు. "రైతు సంబురవడ్డడు. గేటు కాడ ఉన్నాయన ఊకుంటడా, గొలుసులు తెప్పిచ్చి బండ్ల ఏపిచ్చి మల్ల జోకిండు. కాంటది తప్పు కాదు గదనే అవ్వా. మనం ఏం ఎక్కిస్తె గది జోకుతది."

నేను కూడా నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వాను. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. దారం వేలికి చుట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి, కొడుక్కి ఇంకో ముద్ద అన్నం వేసి, ఏమీ ఎరగనట్టు చాట ముందు కూర్చుంది.

తూకం రోజు లత పొద్దున్నే బస్సు దిగి వచ్చింది. చేతిలో ఖాళీ సంచి, బిడ్డ బట్టలకు. మంచిది పాపం, నా చేయి పట్టుకుని, కంట్లో పెట్టుకుని చూసుకుంటానని చెప్పింది. ఆమె మీద నాకు కోపం ఎక్కడ వస్తుంది. బిడ్డకు పాలిచ్చి, ఎత్తుకుని అంగన్‌వాడీకి బయలుదేరాను. లత నా పక్కన నడిచింది. అత్తమ్మ వెనక వస్తానన్నది.

బండ మీద కాంటా. నాలుగు మూలలు నొక్కడం. సున్నా. ఇనుప గుండు. బిడ్డ బట్టలు నేనే తీశాను.

ఆరు కిలోల ఐదు వందల ఎనభై. ఆరు ఆరు వందల ఇరవై. ఆరు కిలోల ఆరు వందలు. రెండో అమ్మాయి తూచినా అటూ ఇటూగా అంతే.

జ్యోతిరాణి ముఖం వెలిగింది. పోయినసారి కంటే రెండు వందలు ఎక్కింది, ఇదే కాంటా, ఇదే తీరు, బిడ్డ పెరుగుతోంది అన్నది. నాకు ఆ మాటలు దూరం నుంచి వినబడ్డాయి. నాకు కావలసింది ఎనిమిది వందలు. వెనక నిలబడ్డ వాళ్ళలో ఎవరో, ఇంకా అప్పటి బరువుకు రానే లేదు అని మెల్లగా అనుకున్నారు. లత సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

అప్పుడు అత్తమ్మ వచ్చింది. చంకలో ఒక తువ్వాలు మూట. ఎవరినీ చూడలేదు. నేను బిడ్డను ఎత్తుకోగానే, ఖాళీ అయిన కాంటా మీద ఆ మూట విప్పి, ఒక్కొక్కటీ పెట్టింది. కాళ్ళ కడియాలు రెండు, చేతి కడియాలు రెండు, మొలతాడు. అన్నీ పాత వెండి, నల్లబడిపోయి, లోపల బోలు లేనివి. ఆ పైన ఊలు స్వెటర్, టోపీ, కాలి మేజోళ్ళు. తువ్వాలు మాత్రం తీసి భుజాన వేసుకుంది.

కాంటా ఐదు వందల ఎనభై దగ్గర ఆగింది.

"గా దినం ఇయన్ని బిడ్డ ఒంటి మీద ఉండె," అన్నది. "నాగేందర్ సిన్నప్పటియి. టీచరమ్మ తియ్యమన్నది. నేనే తియ్యనియ్యలే. మొదటి ముద్ద తినేటప్పుడు బోసి కాళ్ళ తోని ఎట్ల కూసోవెడ్తనని."

వసంతమ్మ టీచరు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఆమెకూ గుర్తొచ్చింది.

అత్తమ్మ జ్యోతిరాణితో, "బండి బరువు తీసెయ్యి బిడ్డా," అన్నది.

జ్యోతిరాణికి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. చెరుకు బండి సంగతి నేను చెప్పాక ఆమె వేళ్ళ మీద లెక్క కట్టింది. అప్పుడు ఆరు కిలోల రెండు వందలకు అటో ఇటో. ఆ తర్వాత నాలుగు వందలు. ఇప్పుడు ఆరు వందలు. అది వేరే కాంటా కాబట్టి మా పరీక్షలో లెక్కలోకి తీసుకోము, కానీ నీ గుండెకు మాత్రం తీసుకో చెల్లె, అన్నది.

నా బిడ్డ ఒక్క గ్రాము కూడా తరగలేదు. అంతా ఎక్కడమే.

నేను ఏడవలేదు. బిడ్డ చల్లబడిందని గౌను తొడిగాను. లత ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంటూ, "బిడ్డను ఇస్తరని వస్తె చాయ్ తాగిచ్చి తోలుతున్నరు," అన్నది. అందరం నవ్వాం. దారిలో అత్తమ్మ నా ముందు నడిచింది. ఆ మూట ఆమె చంకలో గలగలమంటోంది. నేను ఏదో అనబోయాను. ఆమె వెనక్కి తిరగకుండానే, ఎండ ఎక్కుతోంది, బిడ్డ నెత్తి మీద కొంగు కప్పమన్నది.

ఆమె ఆ పెట్టె తీయకపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. తన మాట నెగ్గేది, బిడ్డ రెంజల్‌కు పోయేది, అక్కడ బాగానే పెరిగేది, అందరూ ఆమె చెప్పిందే నిజమనేవాళ్ళు. బిడ్డను పోగొట్టుకున్న భయం అంత గట్టిగా పట్టుకున్న మనిషి, అదే భయాన్ని గల్లీ అందరి ముందు కాంటా మీద పెట్టి తూయించింది. ఇందుకు నేను ఆమెకు చేతులెత్తి దండం పెట్టాలి. పెడితే తిడుతుంది.

మరునాడు లేచేసరికి చాటలు రెండూ గదిలో లేవు. బయట రేకుల కింద అత్తమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. బిడ్డ నడిచేదాకా నువ్వు తంబాకు ముట్టుకోకు పిల్లా, అన్నది. నా వాటా కట్టలు కూడా ఆమె చుట్టింది. నేను ఇంటి పని, బిడ్డ పని చూసుకున్నాను. పాలు మళ్ళీ బాగా పడ్డాయి.

పరీక్ష అయిపోయి జ్యోతిరాణి వాళ్ళు వెళ్ళిపోయారు. పోయే ముందు ఏ పిండి మంచిదని తేలిందో అడిగాను. పిండికీ పిండికీ మధ్య ఉన్న తేడా కంటే పిల్లకూ పిల్లకూ మధ్య ఉన్న తేడానే ఎక్కువగా ఉంది చెల్లె, ఇప్పుడే ఏదీ చెప్పలేం, ఇంకా ఊళ్ళు చూడాలి, అన్నది. తెలియనిది తెలియదని అంత నిమ్మళంగా చెప్పిన చదువుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆమె చల్లగా ఉండాలి.

నిఖిత ఇప్పుడు నడవడమే కాదు, ఉరుకుతోంది. నేను కూడా మళ్ళీ చాట పట్టాను. కానీ అత్తమ్మ నా వాటా పూర్తిగా తిరిగి ఇవ్వలేదు, అలవాటైపోయిందంటుంది. పొద్దున లేస్తే దగ్గు. రవికె చేతులు వదులైనట్టు నాకు అనిపిస్తోంది. బస్తీ దవాఖానాకు ఒకసారి తీసుకుపోయి కాంటా ఎక్కించాను, నిరుడు కార్ఖానా కాంటా మీద చూసిన దానికంటే తగ్గినట్టే చూపించింది. ఆమె దిగుతూనే, "కాంట కాంటకు ఫరక్ ఉంటది పిల్లా, మర్సిపోయినవా? గప్పుడు మందం చీర కట్టిన, గిప్పుడు పల్చటిది," అన్నది. జ్యోతిరాణి మాకు నేర్పిన చదువును నా మీదికే తిప్పింది. డాక్టరు దగ్గరికి మళ్ళీ రమ్మంటే రాదు. మా ఆయనను అడిగితే, అవ్వ ఎప్పుడూ గంతనే అంటాడు. నేను రోజూ చూస్తున్నాను, గానుగ ఆగి ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి ఆయనా రోజూ చూస్తున్నాడు. మా ఇద్దరి కళ్ళూ అలవాటు పడిపోయాయి.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. ఎప్పుడైనా నిజామాబాద్ వస్తే, గంజ్ వెనక బీడీల గల్లీలోకి రండి. రేకుల కింద చాట పెట్టుకుని కూర్చున్న భూమవ్వ ఏదని ఎవరిని అడిగినా చూపిస్తారు. చాయ్ తాగి పొమ్మంటుంది, కూర్చోండి. ఆమె గ్లాసు అందించేటప్పుడు గాజులు మణికట్టు దగ్గర ఆగుతున్నాయా, మోచేతి దాకా జారుతున్నాయా చూడండి. నాకు చెప్పకపోయినా ఫరవాలేదు. ఆమెకే చెప్పండి. బయటి మనిషి మాటైతే వింటుంది.